రాత్రి వంతు

శ్రీవారికి,

నమస్కారాలు. కోపంగా ఉన్నాను కాబట్టి మర్చిపోకముందే రాసేస్తున్నాను: మేమంతా బాగున్నాం. మీరూ బాగుండాలి. ఈ గొడవంతా అందుకే.

ఫోన్ చేస్తే "హలో" అనకముందే పెట్టేస్తున్నారు. సరే, కాగితాన్ని ఎలా పెట్టేస్తారో చూస్తాను. చించి పారేస్తారేమో! చించాలన్నా ముందు ఎవరు రాశారో చూడాలి కదా. రెండు లైన్లు చూశారంటే చివరిదాకా చదువుతారు, మీ సంగతి నాకు తెలియదా. కనుమ మీద అవతలి దేశపు చెక్‌పోస్టు దగ్గర మీతోపాటు బైఠాయించిన జనం ఎవరూ చూడకుండా లారీ వెనక్కి వెళ్ళి చదువుకోండి. డ్రైవర్ల యూనియన్ ప్రెసిడెంటుగారికి పెళ్ళాం ఏం గడ్డి పెట్టిందో నలుగురికీ తెలియాల్సిన పని లేదు.

పాల వ్యాను డ్రైవరు చేత మీరు పంపిన ఉత్తరం అందింది. అందులో సగం ప్రశ్నలు, సగం తిట్లు. ముందు ప్రశ్నల సంగతి చూద్దాం.

అత్తయ్య మోకాలు ఎలా ఉందన్నారు. డాక్టరు ఇచ్చిన పట్టీ కొన్నాళ్ళు కట్టుకుని, "దీంతో నడిచేకంటే నొప్పితో నడవడమే నయం" అని విప్పి తలుపు గడియకు తగిలించారు. ఇప్పుడది తలుపు కొట్టుకోకుండా ఆపుతోంది. మీ అమ్మ మాత్రం ఎంత హుషారుగా ఉన్నారో ఉత్తరం కిందికి వెళ్ళేకొద్దీ మీకే తెలుస్తుంది.

అమ్మాయి పరీక్షలు బాగానే రాస్తోంది. లెక్కల పేపరు రోజు మాత్రం చెప్పులైనా విడవకుండా "అమ్మా, నాన్నకి చెప్పొద్దు" అంది. అందుకని నేను చెప్పలేదు. మీరూ విననట్టే ఉండండి.

వంటింటి రేకు ఇంకా కారుతోందా అన్నారు. ఈసారి వచ్చినప్పుడు చూస్తానని పోయిన వానాకాలంలోనూ అన్నారు, అంతకుముందూ అన్నారు. నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి తారు పూశాను. ఇప్పుడక్కడ కారడం లేదు. దాని పక్కన కారుతోంది.

ముసలిదాని బ్యాటరీ గురించి అడిగారు. ఎవరైనా ఈ ఉత్తరం చూస్తే మన ఇంట్లో ఇంకో ముసలావిడ ఉందనుకుంటారు. పెరట్లో నిలబెట్టిన పాత లారీని మనం అలా పిలుస్తామని వాళ్ళకేం తెలుసు! ఛార్జింగు పెట్టించాను. మొదటిసారి తాళం తిప్పితే దగ్గుతుంది, రెండోసారికి లేస్తుంది. టైర్లకు గాలి కూడా కొట్టించాను. గాలి ఎందుకని అడుగుతారు. వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను.

ఇక తిట్లు.

"ఆ రేవులో పని మానెయ్. మానకపోతే నేను గడప తొక్కను" అని రాసి, దాని కింద గీత కూడా గీశారు. గీత గీసేటప్పుడు పెన్ను కాగితంలోకి దిగిపోయింది.

మానను. మళ్ళీ రాయమన్నా ఇదే రాస్తాను, మానను. అయినా గడప తొక్కనని బెదిరించడం ఏమిటండీ? పెళ్ళైన దగ్గర్నుంచి మీరు మన గడప తొక్కిన రాత్రులెన్నో చెప్పమంటే, లెక్కల్లో తప్పబోయే మన అమ్మాయి కూడా చిటికెలో చెప్పేస్తుంది.

"ఆ బల్లకట్టు వచ్చిందంటే డ్రైవర్ల నోటికాడ కూడు పోతుంది. దానికి నా పెళ్ళామే ఈల ఊదుతోంది" అని కూడా రాశారు. మీ మాటలో నిజం లేదని నేననను. ఆ ఘాట్ రోడ్డు పొడవునా పంక్చర్ షాపులున్నాయి, టీ కొట్లున్నాయి, రాత్రంతా దీపం పెట్టుకుని కూర్చునే మెకానిక్కులున్నారు. లారీలన్నీ పడవెక్కి పోతే వాళ్ళేం కావాలని వెళ్ళేముందు మీరు నన్ను అడిగారు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. కానీ మీరు చెక్‌పోస్టు దగ్గర కూర్చున్నది వాళ్ళ కోసమే అని మాత్రం నాకు చెప్పకండి. ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. దానికీ వస్తాను.

మీరు ఒక్కసారి కూడా రేవులో అడుగుపెట్టలేదు కాబట్టి నా పని ఏమిటో చెప్తాను. మీరు బల్లకట్టు అంటున్నది లారీలను నీళ్ళ మీదుగా అవతలి దేశానికి దాటించే పెద్ద ఇనుప పడవ. దానికి ఒక్కటే నోరు. ఆ నోటి తలుపు కిందికి వాలితే అదే ర్యాంపు. లోపల లారీ తిప్పుకునే చోటు లేదు. అందుకని ప్రతి లారీ రివర్స్‌లో ఎక్కాలి, అవతలి ఒడ్డున మూతి ముందుకు పెట్టుకుని దిగాలి. ఏ లారీ ముందు, ఏది వెనక, బరువు ఏ పక్కకి ఎంత, చక్రాలకు చెక్కలు పెట్టారా, గొలుసులు బిగించారా, ఇదంతా చూసేది ర్యాంపు మేస్త్రి. అంటే నేను. ఒక ఈల ఇచ్చారు, ఒక పచ్చ చొక్కా ఇచ్చారు. ఆ చొక్కాలో నేనూ పడతాను, అమ్మాయీ పడుతుంది.

రెండు దేశాల పెద్దలూ ఈ పడవ కోసం ఎన్నిసార్లు కూర్చున్నారో, ఎన్ని టీలు తాగారో! స్నేహం స్నేహం అని చేతులు ఊపుకుంటూనే ఉన్నారు. పడవ లోపల గీతలు కూడా గీయించి పంపారు. ఎడమ గోడ పక్కన ఒక వరస, దాని కుడి పక్కన డ్రైవరు దిగడానికి సందు, మళ్ళీ ఒక వరస, మళ్ళీ కుడి పక్కన సందు. చూడటానికి ముచ్చటగా ఉంది. పరీక్షకని అవతలి దేశం నుంచి ఒక లారీని తెప్పించారు. ఆ డ్రైవరు మీకు రెండింతలుంటాడు. నేనే ఈల ఊదుతూ, గోడకు జానెడు దూరంలో నిలబెట్టించాను. ఇంజన్ ఆపాడు. తలుపు తీశాడు. తలుపు వెళ్ళి గోడకు టంగుమని తగిలింది.

అప్పుడు తట్టింది అందరికీ. మనవాళ్ళు కుడివైపు కూర్చుని నడుపుతారు, వాళ్ళు ఎడమవైపు కూర్చుని నడుపుతారు! ఇన్నేళ్ళుగా ఆ కనుమ మీద వాళ్ళది పగటి వంతు, మనది రాత్రి వంతు. ఒకళ్ళు నడుపుతుంటే ఇంకొకళ్ళు చూసింది ఎప్పుడు గనక? పెద్దలకి తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆయన రెండో తలుపు వైపు జరుగుదామంటే గేరు రాడ్డు, ఇంజన్ దిబ్బ, ఆయన పొట్ట, మూడూ ఒకదానికొకటి అడ్డం. ఈలోగా పడవ కదిలిపోయింది. చేసేది లేక కిటికీలోంచి టీ అందించాను.

"ఏం పర్లేదు చెల్లెమ్మా, మా ఇంట్లోకన్నా ఇక్కడే ప్రశాంతంగా ఉంది" అన్నాడాయన.

నవ్వాను గానీ, అవతలి ఒడ్డు చేరేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. నీళ్ళ మీద ఏదైనా జరిగితే ఆ మనిషి బయటికెలా వస్తాడు? మర్నాడే రంగు డబ్బా తెప్పించి గీతలు చెరిపించాను. ఇప్పుడు మన లారీలు ఎడమ గోడకి, వాళ్ళవి కుడి గోడకి, మధ్యలో ఒకటే పెద్ద సందు. రెండు దేశాల తలుపులూ ఎదురెదురుగా తెరుచుకుంటాయి. దిగితే ఒకరి మొహం ఒకరు చూడక తప్పదు. ఆ పెద్దమనిషికి నేనిప్పుడు సొంత చెల్లెల్నైపోయాను. మీ చేతికి ఈ ఉత్తరం ఇచ్చింది ఆయనే. కాస్త మర్యాదగా మాట్లాడండి, టీ ఇప్పించండి.

ఇప్పుడు ఆ వంతుల సంగతికే వస్తాను. రెండు దేశాల లారీలూ ఒకేసారి ఎక్కితే కనుమ మీద ఇరుక్కుపోతున్నాయని స్నేహంగా పంచుకున్నారు. ఆ పంపకంలో వాళ్ళకి వెలుగు వెళ్ళింది, మనకి చీకటి వచ్చింది. మిగతా డ్రైవర్లకు దాంతో ఇబ్బంది నిద్ర ఒక్కటే. మీకు నిద్ర కాదు.

మీకు రాత్రిపూట కళ్ళు కనిపించడం లేదు.

రాసేశాను. ఇన్నాళ్ళూ ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరు నాకు తెలియదనుకుంటున్నారు. దీపాలు పెట్టే వేళ దాటితే పెరట్లోకి వెళ్ళడం మానేశారు. పోయినసారి వచ్చినప్పుడు కరెంటు పోతే, గ్లాసులో పోశాననుకుని నీళ్ళు బల్ల మీద పోశారు. పోసి, "ఈ బల్ల ఎవరు జరిపారు" అని అమ్మాయి మీద అరిచారు. బల్లను ఎవరూ జరపలేదండీ. వీధి చివర ఎవరైనా పలకరిస్తే వాళ్ళు ఇంకో మాట మాట్లాడేదాకా నవ్వుతూ ఊరుకుంటారు, గొంతు పోల్చుకున్నాక పేరు పెట్టి పిలుస్తారు. మా పెద్దమ్మ ఊరికని మీ లారీలోనే వచ్చాను కదా, ఆ రాత్రి చూశాను. మీరు రోడ్డు చూడటం లేదు. ముందు పోతున్న లారీ వెనక ఎర్ర దీపాలు చూస్తున్నారు. అవి ఎటు తిరిగితే అటు తిప్పుతున్నారు. ముందువాడు లోయలోకి పోతే మీరూ వాడి వెంటే పోతారు. నేను పక్కన కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. మీరేమో "చలేస్తోందా" అని అడిగారు.

దాన్ని రేచీకటి అంటారు. డాక్టరు దగ్గరకు పోదామంటే "నా కళ్ళకేం" అంటారు. లైసెన్సు పోతుందని భయం, కుర్చీ పోతుందని భయం, నలుగురూ నవ్వుతారని భయం. పడవ వస్తే మిగతావాళ్ళంతా మధ్యాహ్నం ఎక్కి, పొద్దు వాలేసరికి దిగి, హాయిగా పడుకుంటారు. మీకూ అదే కావాలి, అందరికంటే మీకే కావాలి. కానీ ఒప్పుకుంటే ఎవరైనా కారణం అడుగుతారేమోనని ముందుగా మీరే ఎదురు తిరిగి కూర్చున్నారు. అవునా కాదా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

నేను ఆ రేవులో ఉద్యోగానికి వెళ్ళింది జీతానికి కాదు, ఈలకి కాదు. ఆ పడవ నడిస్తే మీరు రాత్రి కనుమ ఎక్కక్కర్లేదు. నాకు కావలసింది అదొక్కటే. మీరు నా మీద కోపంతో నూరేళ్ళు బతకండి, నాకేం అభ్యంతరం లేదు. బతకండి చాలు.

సరే, పడవ ప్రారంభం ఎలా జరిగిందో ఎవరెవరో మీకు ఏదేదో చెప్పి ఉంటారు. జరిగింది నేను చెప్తాను.

ముందురోజు సాయంత్రానికి ఒక్కొక్కరే ఫోన్ చేసి రామన్నారు. లోడు ఎత్తుతామని మాటిచ్చిన లారీలన్నీ తప్పుకున్నాయి. మీరు పై నుంచి కబురు పెట్టారట, "పడవ మీద టైరు పెట్టినవాడు యూనియన్లో ఉండడు" అని. రేవు మేనేజరు తల పట్టుకున్నాడు. కోళ్ళ ఫారం ఆసామి గుడ్ల ట్రేలన్నీ సర్దుకుని కూర్చున్నాడు, ఆయన డ్రైవరు మొహం చాటేశాడు. నేను కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాను. అత్తయ్య మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నారు.

"ఏమైంది, మొహం అలా వేలాడేశావు?"

"రేపు ఒక్క లారీ కూడా రావట్లేదత్తయ్యా. మీ అబ్బాయి మాటంటే మాట మరి!"

"వాడు మొండి. వాళ్ళ నాన్నా అంతే."

"ఇది మొండితనం కాదత్తయ్యా. ఆయనకి..." అని ఆగిపోయాను. మీ పరువు కదా, అందుకని ఆగాను.

ఆవిడ చేతిలో చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టారు. "రాత్రి కళ్ళు కనిపించవు. అంతేగా" అన్నారు.

ఎలా తెలుసని అడిగాను. అప్పుడు చెప్పారు. ఇది అసలు నేను రాయాల్సిన మాట కాదు. "నువ్వే రాయి. వాడు ముందు కాగితం మీద చదివితే, తర్వాత నా మొహం చూడగలుగుతాడు" అన్నారు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదవండి.

మావయ్యగారు కనుమ మీద పోయిన ఆ రాత్రి ఆయన లారీకి బ్రేకులు ఫెయిలవలేదు.

"బ్రేకులు ఫెయిలయ్యాయని అందరికీ చెప్పింది నేనేనమ్మా" అన్నారు అత్తయ్య. "బ్రేకులు బాగానే ఉన్నాయి. ఆయనకి మలుపు కనపడలేదు. చీకట్లో కనపడదని నాకు ముందు నుంచీ తెలుసు. ఎవరి దగ్గరైనా నోరు జారావో చూడు అన్నారు. నోరు మూసుకున్నాను. పరువు నిలబడింది, మనిషి పోయాడు. పోయాక కూడా ఆయన మాట తీసెయ్యలేక బ్రేకుల మీద పెట్టాను."

మీరు ప్రతి ట్రిప్పుకీ ముందు లారీ కింద దూరి, ఒకటికి పదిసార్లు బ్రేకులు చూసుకుంటారు. అందరి లారీల బ్రేకులూ చూడాలని కొట్లాడి యూనియన్ పెట్టారు. మంచి పనే చేశారు, ఎంతమందో దాని వల్ల బతికారు. కానీ మీ నాన్నని తీసుకుపోయింది బ్రేకులు కాదు. అత్తయ్య ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆవిడ నా వైపు ఒక తువ్వాలు విసిరి, "ఒకసారి మూసుకున్నాను కదా, ఇక చాలు. ఇంతకీ ముసలిది స్టార్టవుతోందా?" అని అడిగారు.

అదండీ సంగతి. తెల్లారి, నేనూ మీ అమ్మా ముసలిదాన్ని తీసుకుని కోళ్ళ ఫారానికి వెళ్ళాం. ఆసామి మమ్మల్నిద్దర్నీ చూసి, "డ్రైవరు ఎక్కడమ్మా?" అన్నాడు. "ఎదురుగా ఉంది" అన్నారు అత్తయ్య. ఆయన గుటకలు మింగుతూనే లోడు ఎక్కించాడు. నాకు హెవీ లైసెన్సు ఇప్పించింది మీరే, గుర్తుందా? ఆ రోజు ఎంత మురిసిపోయారు, కనపడినవాడికల్లా "నా భార్యకి హెవీ ఉంది" అని చెప్పారు. ఆ తర్వాత మళ్ళీ స్టీరింగు నా చేతికివ్వలేదు.

రేవు గేటు దగ్గర మీ యూనియన్ వాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మీ కుడి భుజం ఆ సెక్రటరీ, లారీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వదినా, దిగు. అన్నకి తెలిస్తే ఊరుకోడు."

"అన్నకి నేనే చెప్తాను. నువ్వు తప్పుకో."

"తప్పుకోను. ఏం చేస్తావో చేసుకో."

ఏం చేయాలో నాకూ తెలియలేదు. హారన్ కొట్టాను, అది ముసలిదాని హారన్ కదా, పిల్లి కూత కూసింది. అందరూ నవ్వారు. అప్పుడు పక్క కిటికీలోంచి అత్తయ్య తల బయటికి పెట్టారు.

"ఏరా, ఇది ఎవరి లారీ అనుకున్నావు? మా ఆయన కష్టపడి కొన్న మొదటి లారీ. దీన్ని ఆపడానికి నువ్వెవడివిరా?"

"పెద్దమ్మా! నువ్వేంటి ఇందులో!" అని వాడు నోరు తెరిచాడు.

"కనపడట్లేదా, క్లీనర్ని. తప్పుకో."

తప్పుకున్నాడు. వాడిని తిట్టకండి. మీరున్నా తప్పుకునేవారు.

లోపల చూస్తే పెళ్ళి పందిరంత హడావుడి. రెండు దేశాల జెండాలు, బ్యాండు, కుర్చీల వరసలు, ముందు వరసలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ పెద్ద పెద్దవాళ్ళు. వాళ్ళ ఎదురుగా నోరు తెరుచుకుని ఖాళీ పడవ. ఖాళీ పడవనే పంపేద్దామా అని మేనేజరు పడవ నడిపే సరంగుని బతిమాలుతున్నాడట, ముసలిదాన్ని చూసి పరిగెత్తుకొచ్చాడు.

"మీరు మేస్త్రా, డ్రైవరా?" అన్నాడు.

"ఇవాళ్టికి రెండూ" అన్నాను.

అన్నాను గానీ, రివర్స్ గేరు వేశాక అసలు చిక్కు తెలిసింది. లారీని వెనక్కి రప్పించే మేస్త్రిని నేనే. నేను స్టీరింగు దగ్గరుంటే ర్యాంపు మీద దారి చూపేదెవరు? అద్దంలో చూస్తే అటూ ఇటూ నీళ్ళే కనపడుతున్నాయి. అత్తయ్య నా మెడలోంచి ఈల తీసుకుని, తలుపు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని దిగారు. వెళ్ళి అద్దంలో నాకు కనపడేలా ర్యాంపు పైకొసన నిలబడ్డారు. మావయ్యగారి లారీని అన్నేళ్ళూ పెరట్లోకి రప్పించింది ఆవిడే కదా.

"రానీ... రానీ... ఎడమకి కొట్టు... ఇంకొంచెం... రానీ..."

సగం ర్యాంపు ఎక్కాక ఇంజన్ ఆగిపోయింది. లారీ ఒక్క పిసరు కిందికి జారింది. గేటు దగ్గర నుంచి ఈలలు, కేకలు. ఎవడో "దిగి తొయ్యి వదినా" అని అరిచాడు. హ్యాండ్ బ్రేకు లాగి కూర్చున్నాను.

"వాళ్ళ నవ్వుతో నీకేం పని? నా చెయ్యి చూడు!" అని అత్తయ్య కేకేశారు.

ఆ చెయ్యే చూశాను. తాళం తిప్పాను. దగ్గింది. మళ్ళీ తిప్పాను, లేచింది. అత్తయ్య "ఆపు" అనేదాకా ఇంకేం చూడలేదు. దిగి చూసుకుంటే చక్రం గీత మీద ఉంది. బ్యాండువాళ్ళకి ఏం తోచిందో, రిబ్బను కత్తిరించకముందే వాయించేశారు. ఒక్క గుడ్డు పగల్లేదు. కనుమ మీద వెళ్తే ఎన్ని పగిలేవో ఆసామిని అడగండి. మా తర్వాత గేటు దగ్గర నుంచి ఇంకో రెండు లారీలు కదిలాయి. ఎవరివో రాయను, మీరు వాళ్ళని వెలేస్తారు. మీ సెక్రటరీ వాళ్ళకి అడ్డం వెళ్ళలేదు. తల దించుకుని బీడీ ముట్టించుకున్నాడు.

ఇదంతా నేను మన వంటింట్లో, కారే రేకు కింద కూర్చుని రాస్తున్నాననుకుంటున్నారు కదూ? కాదు. తలెత్తితే నాకు కొండ కనపడుతోంది. మీరు కూర్చున్న కొండే. నేనున్నది మీరున్న దేశంలోనే, నీళ్ళు దాటి ఇవతలి రేవు యార్డులో. పొద్దున్నే గుడ్లు దించేశాం. తిరుగు లోడుకి సబ్బుల పెట్టెలు దొరికాయి. మీ అమ్మ లారీ నీడలో చాప వేసుకుని కూర్చుని, ఈ దేశపు డ్రైవర్లకి మీ చిన్నప్పటి సంగతులు చెప్తున్నారు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఏం చెప్తున్నారో అడక్కండి. అమ్మాయిని పక్కింటి టైలరమ్మ దగ్గర ఉంచాను. పుస్తకాలు తీసిందో లేదో గానీ, నిన్న ఫోన్లో "అమ్మా, నువ్వు టీవీలో కనపడ్డావు" అని గంతులేసింది.

మీకు పోట్లాట కావాలంటే రేవులో కావలసినంత ఉంది. డ్రైవర్లు కూర్చోవడానికి గది లేదు. మరుగుదొడ్డి ఒకటుంది, దానికి తలుపు లేదు. పడవ ఆలస్యమైతే ఎదురుచూసిన సమయానికి బత్తా ఇస్తారో లేదో ఎవరూ చెప్పరు. కనుమ మీద టీ కొట్లవాళ్ళకి రేవులో చోటు ఇప్పిస్తారా అని అడిగేవాడే లేడు. నేనడిగితే మేనేజరు నీళ్ళు నములుతున్నాడు. మీలాంటి గొంతున్న మనిషి వచ్చి బల్ల గుద్దాలి. వినేవాళ్ళు లేని చెక్‌పోస్టు దగ్గర కూర్చుని ఎవరి మీద అరుస్తారు?

స్టీరింగు సంగతి కూడా చెప్పేస్తాను, తర్వాత మాట మార్చానంటారు. ముందు కళ్ళ డాక్టరు. ఆయన పగలు నడపొచ్చంటే నడుపుకోండి. కూడదంటే నేను నడుపుతాను, మీరు పక్క సీట్లో కూర్చుని దారి పొడవునా నన్ను తిట్టండి. మీరు తిడుతుంటే వింటాను. మీరు లేకుండా నిశ్శబ్దంగా నడపడం మాత్రం నా వల్ల కాదు.

ఈ ఉత్తరం మీకందేసరికి పొద్దు వాలిపోతుంది. చదివి ఒంటికాలి మీద లేస్తారు. లారీ తాళాలు తీసుకుని అప్పటికప్పుడు నా మీదకి బయల్దేరతారు. వద్దు. ఎంత కోపమున్నా తెల్లారేదాకా ఆపుకోండి. ఆ కొండ చీకట్లో దిగారంటే మీతో నాకు మాటల్లేవు. పడవ రేపు మధ్యాహ్నం. అందదేమోనని కంగారు పడకండి. సరంగు అరుస్తాడు, మేనేజరు గడియారం చూపిస్తాడు, చూపించనీండి. ర్యాంపు ఎత్తమని ఈల ఊదాల్సింది నేను. మీరు పగటిపూట నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడేదాకా ఊదను.

ఇట్లు,
మీ మాట వినని
మీ ఇంటిది